ఉద్యోగం మానకుండా బొమ్మలు వేయడం ఎలా: నెల్లూరు, ఒంగోలు వైపు ఉద్యోగుల కోసం సమగ్ర మార్గదర్శి

బొమ్మలు వేసే ఉద్యోగస్తులు నలుగురు కలిస్తే ముందు వినిపించే మాట "టైమ్ దొరకట్లేదండీ". నిజమే, దొరకదు. కానీ దొరికిన కాస్త టైమూ ఎటు పోతోందో ఒకసారి గమనించండి. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరారు, ముప్పావుగంట ఖాళీ ఉంది. బల్ల మీదున్న పిల్లల పుస్తకాలు తీసి సామాను సర్దుకునేసరికి పది నిమిషాలు. పేపరు కోసి టేపు అంటించడానికి ఇంకో పది. పోయిన ఆదివారం బొమ్మ ఎక్కడ ఆపామో, ఎందుకు ఆపామో గుర్తు తెచ్చుకోవడానికి మరో పది. బ్రష్ తడిపేసరికి అన్నానికి పిలుస్తారు.

జీతం మీద బతికే మనిషికి టైమ్ పెంచుకోవడం పెద్దగా చేతిలో ఉండదు. కూర్చున్న నిమిషం నుంచే పని మొదలయ్యేలా చూసుకోవడం మాత్రం చేతిలో ఉంటుంది. కింద చెప్పిన పద్ధతులన్నీ దాదాపు దీని కోసమే. నేను వేసేది నీటిరంగులు కాబట్టి ఉదాహరణలు అక్కడి నుంచే ఎక్కువ వస్తాయి. కథలు రాసేవాళ్లు, తబలా సాధన చేసేవాళ్లు తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

1. ముందు మీ ఉద్యోగం తీరు రాసుకోండి

టైమ్‌టేబుల్ వేసుకోవడం తర్వాత. ముందు ఉద్యోగం నెలలో ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు వదులవుతుందో చూడాలి. గ్రామ, వార్డు సచివాలయం ఉద్యోగికి ఒకటో తారీఖు పింఛన్ల పంపిణీ. ఆ రోజు, దాని ముందు రోజు బొమ్మ ఊసెత్తకపోవడమే మంచిది. బ్యాంకు వాళ్లకి మార్చి క్లోజింగ్. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కలిగిరి లాంటి చోట్ల పొగాకు వేలం కేంద్రాలతో పని ఉన్నవాళ్లకి వేలం సాగే నెలలు వేరు, మిగతా ఏడాది వేరు. కృష్ణపట్నం వైపు షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లకి డ్యూటీతో పాటు నిద్ర వేళలూ మారిపోతుంటాయి.

రొయ్యల గుంటలు చూసుకునేవాళ్ల సంగతి ఇంకా వేరు. తెల్లవారుజామునే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీళ్లని చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతున్నాయా లేదా అని కంటిమీద కునుకు లేకుండా కాపలా కాసేది అప్పుడే. అలాంటి మనిషికి "రోజూ నాలుగున్నరకి లేచి బొమ్మ వేసుకోండి" అని చెప్పి ఏం లాభం? ఆయనకి పొద్దున మేత వేశాక పదకొండు నుంచి పన్నెండున్నర దాకా దొరకొచ్చు. అదే ఆయన టైమ్.

రెండు వారాల పాటు ఒక చిన్న జేబు పుస్తకంలో ఇలా రాయండి. ఎన్ని గంటలు ఖాళీ దొరికిందన్నది ఒక్కటే రాస్తే సరిపోదు. ఆ వేళకి తల ఎలా ఉందో కూడా రాయాలి. నేను మూడు రకాలుగా చూస్తాను. తల తేటగా ఉండి కొత్త ఆలోచన చేయగలిగే వేళ ఒకటి. ఆలోచన సాగకపోయినా చెయ్యి ఆడే వేళ ఒకటి. ఏదీ కుదరని వేళ ఒకటి. రెండు వారాలయ్యాక చాలామందికి తేట వేళ వారం మొత్తం మీద మూడు నాలుగు గంటలకి మించి కనిపించదు. కంగారు పడకండి, అది చాలు. ఆ గంటల్లో ఫోను రీచార్జీలు, పాల లెక్కలు పెట్టుకోకుండా కాపాడుకుంటే చాలు.

2. ఆ తీరుకి ఇమిడే మాధ్యమం ఎంచుకోండి

ఇక్కడ మొహమాటం వద్దు. ఆయిల్ పెయింటింగ్ అంటే మీకు ప్రాణం కావచ్చు. కానీ రెండు గదుల అద్దె ఇంట్లో, చంటిబిడ్డ ఉన్నచోట, ఆయిల్ రంగు పలచన చేసే టర్పెంటైన్ వాసన మంచిది కాదు. ఆయిల్ పొర చేతికి అంటకుండా ఆరడానికే రోజులు పడుతుంది, అన్ని రోజులూ ఆ కాన్వాసుకి చోటు కావాలి. వేరే గది, గాలి వచ్చే కిటికీ ఉంటే నిక్షేపంగా వేసుకోండి. ఆయిల్ ఆరే లోపు ఆగక తప్పదు కాబట్టి ఆదివారం ఆదివారం మాత్రమే కూర్చోగలిగేవాళ్లకి అది నిజానికి బాగానే కుదురుతుంది.

యాక్రిలిక్ త్వరగా ఆరుతుంది, వాసన తక్కువ. కానీ పాలెట్ (రంగులు కలుపుకునే పళ్లెం) మీద తీసిన రంగు కూడా అంతే త్వరగా గట్టిపడుతుంది. మధ్యలో ఎవరో తలుపు కొట్టారని లేచి వెళ్లి వచ్చేసరికి రంగు పనికి రాదు. నీటిరంగులో ఆ బాధ లేదు. పాలెట్‌లో ఎండిన రంగు మీద తడి బ్రష్ ఆడిస్తే మళ్లీ లేస్తుంది. ఎప్పుడు పడితే అప్పుడు లేవాల్సి వచ్చే ఇంటికి ఇదే అనువు. ఇంక్ పెన్ను, పెన్సిలు ఇంకా సులువు, జేబులో పడతాయి.

సైజు కూడా ఇప్పుడే తేల్చుకోండి. నీటిరంగుల పేపరు ఫుల్ షీటు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది. దాన్ని మూడుసార్లు సగానికి సగం చేస్తే ఎనిమిది ముక్కలు, ఒక్కోటి 7.5 అంగుళాలు, 11 అంగుళాలు. ఉద్యోగం చేసేవాడికి నేను చెప్పే సైజు ఇదే. రెండు మూడు పూటల్లో ఒక బొమ్మ పూర్తవుతుంది. పూర్తయిన బొమ్మ చేతిలో ఉంటే మళ్లీ కూర్చోవాలనిపిస్తుంది. ఫుల్ షీటు మీద మొదలుపెట్టి ఆరు నెలలు గోడకి ఆనించి ఉంచితే అటువైపు చూడటానికే టెన్షన్ వస్తుంది.

3. బల్ల కాదు, పలక సిద్ధం చేసుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్కటే ఆచరిస్తానంటే ఇది ఆచరించండి.

స్టూడియో గది మనలో చాలామందికి ఉండదు. దాని బదులు ప్లైవుడ్ షాపులో 6 మిల్లీమీటర్ల మందం ముక్క ఒకటి, 12 అంగుళాలకి 16 అంగుళాలు కోయించండి. అంచులకి ఉప్పుకాగితం పట్టించి, వార్నిష్ ఒక చెయ్యి వేస్తే తడికి ఉబ్బదు. పైన రెండు రంధ్రాలు వేయించి తాడు కట్టండి. ఇలాంటివి మూడు పలకలు చేయించుకుంటే మంచిది.

ఆదివారం ఒక గంట పేపరు పని పెట్టుకోండి. ఫుల్ షీటుని మడిచి, మడత మీద గోటితో గట్టిగా రుద్ది, మళ్లీ వెనక్కి మడిచి రుద్ది, స్కేలు ఆనించి మెల్లగా చింపండి. కత్తెర కంటే అంచు అందంగా వస్తుంది. 300 జీఎస్ఎం అని రాసి ఉన్న మందపాటి పేపరైతే ఈ చిన్న సైజుకి ముందే తడిపి సాగదీయాల్సిన పని లేదు. నాలుగు వైపులా మాస్కింగ్ టేపు వేసి, మూడు పలకల మీదా మూడు ముక్కలు అంటించేయండి. పెన్సిల్ డ్రాయింగు కూడా అప్పుడే దించేయండి. పలకలు గోడకి మేకుకి తగిలించండి, వంటింటి ఆవిరి తగలని చోట, పిల్లల చేతికి అందని ఎత్తులో.

ఇక సామానంతా ఒక్క మూత డబ్బాలో ఉండాలి. మూత ఉన్న పాలెట్, మూడు బ్రష్‌లు (ఒక పెద్ద గుండ్రనిది, ఒక చిన్నది, ఒక చదునుది), నీళ్లకి రెండు ప్లాస్టిక్ డబ్బాలు, పాత కాటన్ గుడ్డ, పెన్సిలు, రబ్బరు. రెండు నీళ్ల డబ్బాలు ఎందుకంటే ఒకటి బ్రష్ కడగడానికి, ఇంకొకటి శుభ్రమైన నీటికి. మాటిమాటికి సింకు దగ్గరికి లేవక్కర్లేదు.

రంగులు తక్కువ పెట్టుకోండి. అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియన్నా (ఎర్రటి మట్టిరంగు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), ఒక లేత పసుపు, ఒక ఎరుపు ఉంటే మన ప్రాంతంలో కనిపించేవి చాలావరకు వేయొచ్చు. ఎల్లో ఓకర్‌లో నీళ్లు ఎక్కువ పోస్తే పెన్నా ఇసుక వస్తుంది. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా పలచగా కలిపితే వానాకాలం మబ్బు, అవే రెండూ చిక్కగా కలిపితే చీమకుర్తి గ్రానైటు నలుపు. ఇరవై నాలుగు రంగుల డబ్బా ముందు పెట్టుకుని ఏది వాడాలా అని చూస్తూ కూర్చోవడం కూడా టైమ్ దండగే.

లైటు సంగతి. రాత్రిపూట పసుపు బల్బు కింద లేత పసుపు రంగు అసలు కనబడదు, నీలం మురికిగా కనిపిస్తుంది. 6500 కె అని రాసి ఉన్న తెల్ల ఎల్ఈడీ బల్బు బల్లకి ఎడమవైపు పెట్టండి (కుడిచేతి వాళ్లయితే). అప్పుడు చేతి నీడ బొమ్మ మీద పడదు. ఎంత మంచి బల్బు పెట్టినా ఆఖరి రంగులు పగటి వెలుతురులో ఒకసారి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

4. ఇంట్లో వాళ్లతో ఒప్పందం

చెప్పకుండా ఒక గంట కాజేసుకుంటే ఆ గంట నిలబడదు. కూర్చుని మాట్లాడాలి. "నాకు ఎప్పుడైనా కాస్త టైమ్ కావాలి" అంటే ఎవరికీ అర్థం కాదు. "మంగళ, శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర" అంటే అర్థమవుతుంది. మీ ఆవిడకో మీ వారికో అలాంటి గంటలే వారంలో ఇంకో రెండు మీరు ఇవ్వాలి. వాళ్లు ఆ టైములో పాట వింటారో, పడుకుంటారో వాళ్ల ఇష్టం.

ఉద్యోగం చేస్తూ ఇంటి పనంతా మోసే ఆడవాళ్లకి "పొద్దున్నే లేవండి" అని చెప్పడం అన్యాయం. వాళ్లు ఇప్పటికే అందరికంటే ముందు లేస్తున్నారు. వాళ్లకి గంట దొరకాలంటే ఇంకొకరు ఒక పని పూర్తిగా తీసుకోవాలి. సాయం చేయడం వేరు, బాధ్యత తీసుకోవడం వేరు. ఆ రెండు రాత్రులూ వంట ఏం చేయాలన్న ఆలోచన నుంచి గిన్నెలు బోర్లించడం దాకా ఆమె తలలో ఉండకూడదు. "ఉప్పు ఎక్కడుందమ్మా" అని మధ్యలో వచ్చి అడిగితే ఆ గంట పోయినట్టే.

పెళ్లిళ్లు, శ్రాద్ధాలు, ఊరి తిరునాళ్లు వస్తాయి. వెళ్లండి. వాటిని తిట్టుకుంటూ ఇంట్లో కూర్చుని వేసిన బొమ్మలో సుఖం ఉండదు. రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువు దగ్గర జనాన్ని చూస్తూ జేబు పుస్తకంలో గీసిన నాలుగు గీతలు తర్వాత మంచి బొమ్మకి దారి చూపిస్తాయి.

5. బొమ్మని ముక్కలుగా విడగొట్టండి

మొదట్లో చెప్పిన మూడు రకాల వేళలు ఇక్కడ ఉపయోగపడతాయి. బొమ్మలో ప్రతి పనికీ తేట బుర్ర అక్కర్లేదు. ఏం వేయాలి, వెలుగు ఎటునుంచి, ముందు ఏది పెద్దగా కనపడాలి అన్నవి తేల్చడానికి, పెద్ద వాష్ (నీళ్లు కలిపిన పలచటి రంగు ఒకేసారి పరచడం) వేయడానికి తేట వేళ కావాలి. ఆకులు, ఇటుకలు, వలల గళ్లు, కిటికీ ఊచలు వేయడానికి చెయ్యి ఆడితే సరిపోతుంది. పేపరు చింపడం, టేపు వేయడం, బ్రష్‌లు సబ్బుతో కడగడం, పూర్తయిన వాటికి ఫొటోలు తీయడం అలసటలోనూ చేయొచ్చు. ఆఫీసులో మాటపడి వచ్చిన రోజున ఆకాశం వేయడానికి కూర్చోకండి. ఆ రోజు టేపు వేయండి.

లేచేముందు ఒక నిమిషం తీసుకుని, పలక అంచున టేపు మీద పెన్సిలుతో తర్వాత చేయాల్సిన పని రాయండి. "పడవ నీడ ముదురు చెయ్యాలి, ఎడమ తాటిచెట్టు వదిలెయ్" అన్నంత స్పష్టంగా ఉండాలి. నాలుగు రోజుల తర్వాత పలక దించగానే ఆ వాక్యం చదివి నేరుగా బ్రష్ తడపొచ్చు. వీలైతే పని మంచి ఊపులో ఉండగానే ఆపండి. ఇరుక్కుపోయిన చోట ఆపితే మళ్లీ ఆ పలక దించబుద్ధి కాదు.

రోజుకో బొమ్మ అన్న పట్టుదలలు ఉద్యోగస్తులకి నేను చెప్పను. రెండు రోజులు తప్పగానే అపరాధ భావం పట్టుకుంటుంది. నెలకి రెండు పూర్తి బొమ్మలు అనుకోండి. ఏడాదికి 24. మంచివి సగం ఏరినా చిన్న ప్రదర్శనకి సరిపోతాయి.

6. ప్రయాణంలో పని

కావలి నుంచి నెల్లూరుకో, సింగరాయకొండ నుంచి ఒంగోలుకో రోజూ రైల్లో తిరిగేవాళ్లకి అదృష్టం ఉంది. రైలు ఊగుతుంది కాబట్టి సన్నని పని కుదరదు, అందుకే అది వేగంగా గీయడానికి మంచి బడి. ఎదుటి సీట్లో నిద్రపోతున్న మనిషి భుజం, మెడ వాలిన తీరు చాలు, ముఖం వద్దు. ఒక స్టేషన్‌కీ ఇంకో స్టేషన్‌కీ మధ్య ఒక స్కెచ్ అని పెట్టుకోండి. పడుగుపాడు దాటి పెన్నా వంతెన ఎక్కేలోపు ముగిసిపోవాలి. బస్సులో గీయలేం, కానీ చూడగలం. ఒక రంగు ఎంచుకుని దారి పొడవునా అదే వెతకండి, కళ్లకి అదే సాధన.

నిలబడి ప్రయాణించేవాళ్లు ఫోనులో మాట రికార్డు చేసుకోవచ్చు. కథలు రాసేవాళ్లకి ఇది మరీ పనికొస్తుంది. మన నెల్లూరులోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర తిక్కన మంత్రి. రాచకార్యాలు చూసుకుంటూనే విరాటపర్వం మొదలుకుని భారతంలో 15 పర్వాలు తెలుగు చేశాడు. ఆయన చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడని తరతరాలుగా చెప్పుకుంటారు. మనకి గురునాథుడు లేడు, జేబులో ఫోను ఉంది. ఇంటికి వచ్చాక ఆ రికార్డు విని రాసుకోవడం చెయ్యి ఆడే వేళలో చేయాల్సిన పని.

7. ఆఫీసు, రూల్సు

ఆఫీసు టైములో, ఆఫీసు కంప్యూటర్లో, ఆఫీసు ప్రింటర్లో మీ కళ పని చేయకండి. నీతి సంగతి అటుంచి హక్కు సంగతి కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. సొంత టైములో, సొంత సామానుతో వేసిన బొమ్మ మీది. దాని మీద హక్కు మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. డిజైన్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు తమ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో దీని గురించి ఏం రాసి ఉందో తప్పక చదవాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 1964 ప్రవర్తన నియమావళిలో 15వ నియమం చూడండి. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, విధులకి ఆటంకం రాకూడదు, ప్రభుత్వం ఆపమంటే ఆపాలి. రాష్ట్ర ఉద్యోగులకి వేరే నియమావళి ఉంది. బొమ్మ వేయడం ఒకటి, క్రమం తప్పకుండా అమ్మడం ఇంకొకటి. రెండోదాన్ని వ్యాపారం కింద చూసే అవకాశం ఉంది కాబట్టి అమ్మకం మొదలుపెట్టే ముందు కాగితం మీద అడిగి, కాగితం మీదే జవాబు తీసుకోండి.

8. డబ్బు

నెల జీతంలోంచి చిన్న మొత్తం ఒకటి అనుకుని వేరే ఖాతాలో వేయండి. రంగులు, పేపరు, ఫ్రేము అన్నీ అందులోంచే. బొమ్మ అమ్మితే వచ్చిందీ అందులోకే. ఇంటి ఖర్చుకి బొమ్మ డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. జీతం ఇల్లు నడుపుతోంది కాబట్టే మీరు నచ్చింది వేయగలుగుతున్నారు.

ధర చెప్పేటప్పుడు పేపరు, రంగులు, ఫ్రేము ఖర్చు ముందు వేయండి. పట్టిన గంటలకి మీ జీతాన్ని బట్టి గంటకి ఎంతో లెక్కకట్టి కలపండి. చుట్టాలకి ఇవ్వాలనుకుంటే పూర్తిగా ఉచితంగా ఇవ్వండి. సగం ధర అని మొదలుపెడితే ఊళ్లో అదే మీ ధర అయిపోతుంది. అమ్మకాల ఆదాయం రిటర్నులో చూపాలి. జీతం వాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1లో వ్యాపార ఆదాయం చూపడం కుదరదు కాబట్టి ఆడిటర్‌ని ముందే అడగండి.

9. మన వాతావరణం

రోహిణి కార్తె ఎండకి వాష్ పూర్తిగా పరుచుకోకముందే ఆరిపోయి చారలు పడుతుంది. ఆ రోజుల్లో ఫ్యాన్ ఆపలేం, అందుకే పేపరు వెనకాల కూడా తడిపి వేయండి, లేదా ఆ నెలంతా ఇంక్ పనికి మళ్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో దీనికి తలకిందులు. వాష్ ఎంతకీ ఆరదు, పేపరు చెమ్మ పీల్చి మచ్చలు పడుతుంది. విడి పేపర్లు, పూర్తయిన బొమ్మలు ప్లాస్టిక్ కవరులో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి, నేల మీద కాకుండా బీరువా పై అరలో పెట్టండి. తుపాను హెచ్చరిక వస్తే బొమ్మలు ముందే ఎత్తున పెట్టేయండి.

10. ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టడం

బదిలీ, పిల్లల పదో తరగతి, ఇంట్లో జబ్బు, డిపార్ట్‌మెంట్ పరీక్ష. ఏదో ఒకటి వచ్చి రెండు మూడు నెలలు ఆగిపోతుంది, ఇది అందరికీ జరిగేదే. తిరిగి వచ్చినప్పుడు వదిలేసిన పెద్ద బొమ్మ దగ్గరికి వెళ్లకండి. మొదటి రోజు డబ్బా తెరిచి బ్రష్‌లు కడిగి, ఎండిన రంగుల మీద నీటి చుక్కలు వేయడం వరకే. రెండో రోజు పాత పేపరు వెనకాల ఒక్క రంగుతో మీ ఇంట్లో ఉన్న చెంబో, చెప్పుల జతో వేయండి. మూడో రోజు పాత స్కెచ్ పుస్తకం తిరగేసి ఒక చిన్న గీత బొమ్మ ఎంచుకుని పలక మీదకి దించండి. కొత్త ఊరికి బదిలీ అయితే ముందు మేకు ఎక్కడ కొట్టాలో చూసుకుని పలకలు తగిలించండి, మిగతా సామాను తర్వాత విప్పొచ్చు. మొదటి వారానికి ఇంతే. రెండో వారంలో ఇంట్లో మళ్లీ కూర్చుని ఏ రెండు రాత్రులు మీవో కొత్తగా మాట్లాడుకోండి. కొత్త ఆఫీసు వేళలకి పాత ఒప్పందం సరిపోదు.